చేత్తో అంకెలు వేసే చాకిరీ ఇంకెన్నాళ్లు?

బందరు, గుడివాడ డీటీపీ సెంటర్లలో ఒక వాదం ఉంది: "జాబితాకి అంకెలు చేత్తో కొట్టుకుంటే పోలా, దానికో ఏర్పాటెందుకు?" పని తొందరలో పుట్టిన మాట ఇది. కానీ పని పెంచేదీ ఇదే.

దివిసీమలో ఓ సహకార సంఘం మహాజన సభ అజెండా అచ్చుకొచ్చిందనుకోండి. పదిహేను అంశాలు. ఆఖరి ప్రూఫులో అధ్యక్షుడు 4వ అంశం కొట్టేశారు. ఇక 5 నుంచి 15 దాకా పదకొండు అంకెలూ దిద్దాలి. అవి దిద్దినా, కింద ఎక్కడో "9వ అంశంలో చెప్పినట్టు" అన్న వాక్యం అలాగే ఉండిపోతుంది. ఆ తొమ్మిదోది ఇప్పుడు ఎనిమిదోది. సభలో తగువు అక్కడే మొదలవుతుంది.

ఈ అలవాటుకి కారణం లేకపోలేదు. సీసపు అక్షరాలు పేర్చే కాలంలో వేరే దారి లేదు. 1902లో కృష్ణా పత్రిక మొదలైన ఈ బందరులో అప్పుడు అంకె మారితే కట్టు విప్పి దిద్దాల్సిందే. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు వచ్చాక వరస అంకెలు వేసిపెట్టింది గాని, వేశాక అవి మామూలు అక్షరాలే, వాటంతటవి మారవు. పాత అను ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల చోట కూర్చుంటాయి గనక ఆటోమేటిక్ ఎ-బి-సి వరస అడిగితే పిచ్చిగీతలు పడేవి. ఆపరేటర్లను తప్పుపట్టలేం. కానీ యూనికోడ్‌లోకి తెలుగు 1991లోనే వచ్చింది. ఇక ఆ సాకు చెల్లదు.

కాంటెక్స్ట్ (ConTeXt) అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేరులో మనక్కావలసిన అక్షరాల వరసను ఒక్కసారి నిర్వచించి జాబితాకి తగిలిస్తే చాలు. అలాంటిదే అయిన లాటెక్ (LaTeX)లోనూ ఆ వీలుంది. అంశానికో గుర్తు పెట్టుకుంటే వాక్యం మధ్యలో దాన్ని చూపే అంకె కూడా తనే మారుతుంది. వెబ్ పేజీలకి సీఎస్ఎస్‌లో ౧, ౨, ౩ వరస సిద్ధంగానే ఉంది.

"సాఫ్ట్‌వేరుకి మన అక్షరాలేం తెలుసు?" అంటారు. నిజమే, అందుకే మనం చెప్పాలి. ఋ, ౠలను ఉంచితే 'ఎ' తొమ్మిదోది, రెండూ వదిలేస్తే ఏడోది. హల్లుల్లో ఙ, ఞ ఉండాలా? ఇవి తెలుగువాళ్లు తేల్చుకోవలసిన సంగతులు. తేల్చకపోతే తెలుగు ప్రశ్నపత్రంలోనూ ఎ, బి, సి, డిలే దిక్కు.

నాలుగు ముక్కల కరపత్రానికి ఇదంతా అక్కర్లేదు, ఒప్పుకుంటాను. టెండరు షరతులకీ, సంఘం నియమావళికీ, ఏటా తిరగరాసే ప్రశ్నపత్రానికీ అక్కరే. ప్రెస్సువాళ్లకి నా మనవి ఒకటే: ఒక్క ప్రశ్నపత్రానికి ఇలా మూస కట్టి చూడండి. వచ్చే పరీక్షలకి ప్రశ్నలు మార్చుకోవడమే మీ పని, అంకెల జోలికి పోనక్కర్లేదు.