ఆవిరి తరవాత ఏమిటి?

పిల్లలూ! ఈ నెల నేనొక పాత బాకీ తీర్చుకోవాలి. అది డబ్బు బాకీ కాదు, జవాబు బాకీ. ఎలా పడ్డానో ముందు చెబుతాను.

అప్పట్లో నేను సికింద్రాబాదులో ఒక బడిలో కొత్తగా చేరిన సైన్సు మాస్టారిని. ఒకనాడు ఏడవ తరగతివారికి పదార్థపు మూడు రూపాల పాఠం చెబుతున్నాను. గిన్నెలో మంచుముక్కలు వేసి స్పిరిటు దీపం మీద పెట్టాను. మంచు కరిగి నీరయింది. నీరు మరిగి ఆవిరయింది.

"చూశారుగా! ఘనం, ద్రవం, వాయువు. ఇంతే!" అన్నాను.

వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ! ఆవిరిని ఇంకా కాస్తే ఏమవుతుందండీ?" అని అడిగాడు.

"ఇంకా వేడి ఆవిరి అవుతుంది," అన్నాను.

"దాన్ని ఇంకా కాస్తేనండీ?"

తరగతంతా గొల్లున నవ్వింది. "అది పరీక్షలో రాదు, కూర్చో!" అని గదిమాను. వాడు కూర్చున్నాడు. ఆ ఏడాది మరి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నిజం చెప్పవద్దూ, నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకోవటానికి నామోషీ అనిపించింది. తరవాత నేను హెడ్మాస్టరునయాను, రిటైరు కూడా అయాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఆ కుర్రవాడికి చెప్పవలసిన జవాబు ఇప్పుడు మీకు చెబుతాను.

మొదట ఒక్క సంగతి గుర్తుంచుకోండి. వేడి అంటే కణాల కదలికే. వేడి పెరిగినకొద్దీ కణాలు మరింత జోరుగా ఒకదానినొకటి గుద్దుకుంటాయి. ఇక ఆవిరిని కాస్తూ పోదాం.

మూడు నాలుగు వేల డిగ్రీలు దాటేసరికి నీటి అణువులే విడిపోయి, హైడ్రోజను, ఆక్సిజను పరమాణువులు వేరవుతాయి. దాన్ని ఇంకా కాస్తే? పది వేల డిగ్రీలు దాటేసరికి పరమాణువుల నుంచి ఎలక్ట్రానులు ఊడివస్తాయి. ఈ నాలుగవ రూపానికి ప్లాస్మా అని పేరు. మెరుపులో ఉన్నదీ, సూర్యుడిలో ఉన్నదీ ఇదే. ఎంత వేడికి ఎన్ని ఎలక్ట్రానులు ఊడుతాయో లెక్క కట్టే సూత్రాన్ని 1920లో మన దేశపు శాస్త్రజ్ఞుడు మేఘనాథ్ సాహా ప్రకటించాడు.

దాన్ని ఇంకా కాస్తే? సూర్యుడి నడిబొడ్డున వేడి సుమారు 1.5 కోట్ల డిగ్రీలు. అక్కడ కూడా పరమాణువు మధ్యనుండే కేంద్రకం పగిలిపోదు. అది చాలా చిన్నది, చాలా గట్టిది. ఒక బంగారు పరమాణువును మన సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్సంత చేశామనుకోండి. దాని కేంద్రకం ఒక గోళీకాయంత ఉంటుంది! ఆ గోళీకాయలోనే 79 ప్రోటానులూ, 118 న్యూట్రానులూ కిక్కిరిసి ఉంటాయి. వందల కోట్ల డిగ్రీల వేడి తగిలితేగాని కేంద్రకాలు విడివడి ప్రోటానులూ, న్యూట్రానులూ బయటపడవు.

దాన్ని ఇంకా కాస్తే?

ఇక్కడికి వచ్చేసరికి చాలాకాలం పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకు కూడా జవాబు తెలియదు. ప్రోటానులో మూడు క్వార్కులుంటాయి. వాటిని పట్టి ఉంచే కణాలకు గ్లూవాన్లని పేరు. ఆ పేరు ఇంగ్లీషులో జిగురుకు ఉన్న మాటనుంచి వచ్చింది. ఈ జిగురు చిత్రమైనది. రబ్బరు పట్టీని లాగినకొద్దీ బిగుసుకున్నట్లు, క్వార్కులను దూరంగా లాగినకొద్దీ అవి లొంగవు. అందుచేత ఒంటరి క్వార్కును ఎవరూ చూడలేదు. అయితే వేడి సుమారు రెండు లక్షల కోట్ల డిగ్రీలకు చేరితే ప్రోటానులూ, న్యూట్రానులూ కూడా కరిగిపోవాలని లెక్కల్లో తేలింది. పది బెల్లపచ్చులను పాకం పట్టాక ఏ ముక్క ఏ అచ్చుదో చెప్పగలరా? అలాగే ఏ క్వార్కు ఏ ప్రోటానుదో తెలియకుండా అంతా కలిసిపోతుంది. దీన్ని క్వార్కు-గ్లూవాన్ ప్లాస్మా అంటారు.

అంత వేడి ఏ పొయ్యి మీద పుడుతుంది? అంత వేడికి కరగని గిన్నె ఏది? పొయ్యీ వద్దు, గిన్నే వద్దు. కమ్మరి ఇనుపముక్కను సమ్మెటతో గబగబా బాదితే అది వేడెక్కటం మీరు ఎరుగుదురు. అలాగే రెండు కేంద్రకాలను మహావేగంతో ఢీకొట్టిస్తే సరి.

ఇటువంటి ఢీకొట్టుళ్ళు ప్రకృతిలోనూ జరుగుతాయి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలలో ఇనుము వంటి బరువైన కేంద్రకాలు కూడా ఉంటాయి. అవి పై గాలిలోని కేంద్రకాలను గుద్దుకుంటాయి. వాటిని పట్టటానికి మన ఊరివారే ఏర్పాట్లు చేశారు. సికింద్రాబాదు నుంచి ఈసీఐఎల్ వైపు వెళితే అక్కడ టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రం ఉంది. 1960లలోనే హైదరాబాదు నుంచి పెద్ద పెద్ద బెలూన్లకు ఫొటో ఫలకాల వంటి మందపు ఫలకాల దొంతరలు కట్టి ఆకాశంలోకి పంపేవారు. కణాలు దూసుకుపోయిన దారులు ఆ ఫలకాలలో గీతలుగా పడేవి. ఇందుకు మన ఊరే ఎందుకు? భూమధ్యరేఖకు దగ్గరి చోట్ల భూమి అయస్కాంతశక్తి బలహీనమైన కణాలను వెనక్కు తిప్పేస్తుంది. బలమైనవే ఇక్కడికి దిగగలవు.

అయితే ఆకాశంలో ఏ కేంద్రకం ఎప్పుడు, ఎక్కడ గుద్దుకుంటుందో ఎవరు చెప్పగలరు? అందుకని మనుషులు యంత్రాలు కట్టారు. అమెరికాలో బ్రూక్‌హేవెన్ అనే చోట 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో ఒక యంత్రాన్ని నిర్మించారు. 2000 సంవత్సరంలో అందులో బంగారు కేంద్రకాలను దాదాపు కాంతివేగంతో ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టించటం మొదలుపెట్టారు. 2010లో యూరపులోని సెర్న్ సంస్థవారు 27 కిలోమీటర్ల యంత్రంలో సీసపు కేంద్రకాలతో ఇదే పని చేశారు. ఈ రెండు చోట్లా వెలువడే కాంతికణాలను లెక్కపెట్టే ఒక పరికరాన్ని కలకత్తా కేంద్రంగా మన భారతీయ శాస్త్రజ్ఞులే తయారు చేశారు.

బ్రూక్‌హేవెన్‌లో పుట్టిన వేడి సుమారు నాలుగు లక్షల కోట్ల డిగ్రీలని 2010లో ప్రకటించారు. అంటే సూర్యుడి నడిబొడ్డుకన్న రెండున్నర లక్షల రెట్లు ఎక్కువ! "మరి ఆ యంత్రం భస్మం కాలేదా?" అని మీరు అడగాలి. దీపావళినాడు కాకరపువ్వొత్తి రవ్వ చేతిమీద పడితే చురుక్కుమంటుంది, అంతే. బక్కెట్టెడు మరిగే నీళ్ళు పడితే ఒళ్ళంతా బొబ్బలెక్కుతుంది. నిజానికి రవ్వే ఎక్కువ వేడి, కాని అది బహు చిన్నది. రెండు బంగారు కేంద్రకాలు ఢీకొన్నప్పుడు పుట్టే శక్తి మొత్తం కలిపినా ఒక నీటిబొట్టును ఒక డిగ్రీ వేడెక్కించటానికి కూడా చాలదు.

పైగా అది ఎంతసేపుంటుంది? ఒక సెకండును కోటి ముక్కలు చేయండి. అందులో ఒక ముక్కను కోటి ముక్కలు, దానిలో ఒకదాన్ని మరల కోటి ముక్కలు, దాన్ని మరల వంద ముక్కలు చేయండి. అటువంటి ముక్కలు కొన్ని గడిచేసరికి అంతా చల్లారి, వేలకొద్దీ మామూలు కణాలై నాలుగు దిక్కులా చెదిరిపోతుంది. దాన్ని ఎవరూ కళ్ళతో చూడలేరు. చెదిరివచ్చిన కణాలను పట్టి, వాటి దారులనుబట్టి జరిగినదేమిటో ఊహించాలి. తెల్లవారి పందిట్లో పడిఉన్న విస్తళ్ళను చూసి రాత్రి జరిగిన పెళ్ళి విందు ఎంతటిదో చెప్పినట్లన్నమాట.

అలా చూసినప్పుడే ఒక వింత బయటపడింది. అంత వేడిలో క్వార్కులు దేని దారిన అది పోయే వాయువులా ఉంటాయని చాలామంది శాస్త్రజ్ఞులు అనుకున్నారు. మీరు రెండు అప్పడాలు తీసుకుని, ఒకదానిమీద ఒకటి కొంచెం పక్కకు జరిపి పెట్టండి. రెండూ కలిసినచోటు బాదంపప్పు ఆకారంలో ఉంటుంది. ఆ వేగంలో కేంద్రకాలు కూడా అప్పడాలలాగే చదునుగా ఉంటాయి. అవి కొంచెం పక్కగా ఢీకొంటే వేడి ముద్ద బాదంపప్పులా ఏర్పడుతుంది. అది వాయువైతే కణాలు అన్ని పక్కలకూ ఇంచుమించు సమంగా పోవాలి. ద్రవమైతే కణాలు ఒకదానినొకటి తోసుకుంటాయి గనుక, బాదంపప్పు సన్నగా ఉన్న వైపుకు తోపుడు బలంగా ఉండి, ఆ పక్కకే ఎక్కువ కణాలు రావాలి.

లెక్కపెట్టి చూశారు. ఆ పక్కకే ఎక్కువ వచ్చాయి! అది వాయువు కాదు, ద్రవం. లోపలి కణాల కలకలంతో పోల్చి లెక్క కడితే, దాని జిగట మనకు తెలిసిన ద్రవాలన్నిటికన్న తక్కువ. 2005లో అక్కడి నాలుగు బృందాలవారూ, "మేము వాయువు అనుకున్నాం, ఇది ద్రవంలా ఉన్నది," అని లోకానికి చెప్పారు. వారిలో ఎవరూ నామోషీ పడలేదు.

ఇదంతా తెలిసి మనకేమి లాభమంటారా? ఈ విశ్వం పుట్టిన కొత్తలో, సెకండులో లక్షో వంతు గడిచేవరకు, లోకమంతా ఈ ద్రవమే. అది చల్లారినప్పుడు ఏర్పడిన ప్రోటానులే నీ పలకలో, నీ చేతిలో, గిన్నెలోని ఆ నీటిలో ఉన్నాయి. అంటే ఆ కుర్రవాడు అడిగింది విశ్వం పుట్టుకను గురించి. నేను పరీక్షలో రాదన్నాను!

ఇంట్లో మీరొక పని చేయండి. ఒక గ్లాసులో నీళ్ళూ, ఒక గ్లాసులో ఆముదమూ పోసి, రెంటినీ చెంచాతో గిరగిర తిప్పి చెంచా తీసేయండి. ఏది ముందు ఆగుతుందో చూడండి. ఆముదాన్ని ఆపినదే జిగట. ఆ వేడి ద్రవంలో శాస్త్రజ్ఞులు కొలిచింది ఈ జిగటనే.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఎక్కడున్నా, వాడికి నా జవాబు ఇది: "నాయనా, ఆవిరిని కాస్తూ పోతే ప్లాస్మా వస్తుంది. దాన్నీ కాస్తూ పోతే చివరకు మళ్ళీ ద్రవమే వస్తుంది. ఆనాడు నాకు తెలియదు. తెలియదని చెప్పవలసింది."

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. మీ పిల్లలు మీకు తెలియని ప్రశ్న అడిగితే, "నాకూ తెలియదు, కలిసి వెతుకుదాం," అనండి. "కూర్చో" అని మాత్రం అనకండి.

పిల్లలూ, మీరు ఇప్పుడు, "ఆ ద్రవాన్ని ఇంకా కాస్తేనండీ?" అని అడుగుతారని నాకు తెలుసు. ఇంకా ఎంతో వేడెక్కితే క్వార్కుల మధ్య పట్టు సడలి, అది మెల్లమెల్లగా వాయువులా మారాలని లెక్కలు చెబుతున్నాయి. అంత వేడిని మాత్రం ఇంతవరకు ఏ యంత్రమూ పుట్టించలేదు. ఆ పని మీలో ఎవరు చేస్తారో చూద్దాం.