నోటితో ఒప్పుకోవడం అంటే జబ్బును దాచుకోవడం కాదు



ఈ మధ్య మన బరంపురంలో ఇళ్ళల్లో జరిగే కూటాల్లో ఒక మాట తరచుగా వింటున్నాం. ఎవరైనా "షుగర్ ఎక్కువైంది, ప్రార్థన చేయండి" అనగానే పక్కనుంచి "అలా అనకండమ్మా, అది నోటితో ఒప్పుకోకూడదు, స్వస్థపడ్డాను అని చెప్పండి" అంటున్నారు. చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెబుతున్నారు. కానీ మన పెద్దావిడ ఒకరు ఆ మాట పట్టుకుని మూడు వారాలు మాత్రలు మానేశారు. కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో చేర్చాం. ఇంటికి వచ్చాక ఆవిడ మమ్మల్ని అడిగిన మొదటి మాట, "నాకు విశ్వాసం తక్కువైందా, బాబూ?" అని. ఆ ప్రశ్న ఆవిడ నోట రావడానికి మనందరం బాధ్యులమే. అందుకే ఇది రాస్తున్నాం.

వాక్యాన్ని విశ్వాసంతో పైకి పలకడం తప్పని మేము అనడం లేదు. అది బైబిల్లో ఉన్న అలవాటే. యెహోషువ 1:8 చూడండి. ధర్మశాస్త్రం నోట ఉండాలనే అక్కడి ఆజ్ఞ. మనం 'ధ్యానించు' అని చదువుకునే చోట హెబ్రీలో ఉన్న 'హాగా' అనే మాటకు లోగొంతుతో పలుకుతూ ఉండటం అనే అర్థం కూడా ఉంది. రోమా 10:9-10లో హృదయంతో నమ్మడం, నోటితో ఒప్పుకోవడం జంటగా వస్తాయి. అరణ్యంలో శోధన వచ్చినప్పుడు యేసుప్రభువు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోని మాటలతోనే జవాబిచ్చారు.

మన పెద్దలూ అలాగే బ్రతికారు. అక్షరం రాని మన అమ్మమ్మలు 23వ కీర్తన కంఠతా చెప్పేవారు. పర్లాకిమిడి సీమలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తనలు పుస్తకం తెరవకుండా పాడేవారు. ఇప్పుడు మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతున్నారు. చాలామందికి తెలుగు బైబిల్ చదవడం రాదు. అయినా సండే స్కూల్లో బంగారు వాక్యం తెలుగులోనే ఒప్పజెబుతున్నారు. మన ఇళ్ళల్లో వాక్యం ఇంకా తెలుగులో నిలబడి ఉందంటే నోటిమీద నిలబడి ఉన్నట్టే.

మరి తేడా ఎక్కడ వచ్చింది? అమెరికాలో ఇ. డబ్ల్యూ. కెన్యన్ (1867–1948), ఆయన తర్వాత కెనెత్ హేగిన్ (1917–2003) బోధల్లో నోటిమాటకే ఒక శక్తి ఉందనే ఆలోచన బలపడింది. మంచి పలికితే మంచి, చెడు పలికితే చెడు జరుగుతుందనేది దాని సారం. అలాంటి బోధ టీవీల ద్వారా, పెద్ద కూటాల ద్వారా మన దాకా వచ్చింది. దానితో దేవుడు చెప్పినదాన్ని మనం తిరిగి పలికే అలవాటు కాస్తా, మనం పలికినదాన్ని దేవుడు చేసి తీరాలనే లెక్కగా మారింది.

116వ కీర్తన 10వ వచనం ఒకసారి తెరవండి. పౌలు 2 కొరింథీ 4:13లో ఎత్తిచూపిన వచనం అదే: నమ్మాడు, కాబట్టి మాట్లాడాడు. అయితే కీర్తనలో అదే వచనంలో ఆ భక్తుడు తాను చాలా బాధపడ్డానని కూడా చెప్పుకున్నాడు. నమ్మకం, బాధ రెండూ ఒకే నోట, ఒకే వచనంలో ఉన్నాయి. సిలువమీద ప్రభువు పైకి పలికింది కూడా 22వ కీర్తన మొదటి మాట, ఒక మొర. అది అవిశ్వాసమని అనగలమా? పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చానని రాశాడు (2 తిమోతి 4:20). తిమోతి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో కూడా చెప్పాడు (1 తిమోతి 5:23). జబ్బు పేరు పలకడానికి ఆయన భయపడలేదు.

"ఎప్పుడూ రోగం మాటే అంటుంటే మనసు కుంగిపోదా?" అని కొందరు అడుగుతారు. నిజమే, కుంగిపోతుంది. అందుకే వాగ్దానం పలకాలి. డిసెంబర్ 31 రాత్రి తీసుకున్న వాగ్దానపు కార్డు గోడకు తగిలించి వదిలేయకుండా రోజూ పైకి చదువుకోవాలి. కానీ వాగ్దానం పలికే నోటితోనే డాక్టరుకు నిజం చెప్పాలి. దేవుడు మనతో ఉన్నాడని చెప్పడం సత్యం. ఒంట్లో షుగర్ లేదని చెప్పడం సత్యం కాదు. సత్యదేవుణ్ణి కొలిచేవాళ్ళం ఈ తేడా మరిచిపోకూడదు.

వచ్చే నెల కూటానికి మా మనవి ఒకటే. 23వ కీర్తనతో పాటు 13వ కీర్తన కూడా అందరం కలిసి పైకి చదువుదాం. ఆరే వచనాలు. మొరతో మొదలై నమ్మకంతో ముగుస్తుంది. పిల్లల చేత కూడా చెప్పిద్దాం. ఆ తర్వాత ఎవరి జబ్బు వాళ్ళు భయం లేకుండా చెప్పుకోనిద్దాం. "అలా అనకండి" అనేముందు, "మాత్ర వేసుకున్నారా అమ్మా?" అని అడుగుదాం.

ఆ పెద్దావిడ ప్రశ్నకు మా జవాబు కూడా ఇక్కడే చెబుతున్నాం. లేదమ్మా, మీ విశ్వాసంలో ఏ లోటూ లేదు. లోటు మేము మీకు చెప్పిన మాటలో ఉంది. మమ్మల్ని క్షమించండి.