అప్పున్న దేవుడు మన దేవుడు



పత్తి ఏరే దినాలు, కురుమూర్తి జాతర దినాలు మన పాలమూరుల ఒక్కసారే వస్తయి. దీపావళి దాటి కార్తీకం రాంగనే చిన్నచింతకుంట మండలం దారులన్నీ జనంతోని నిండిపోతయి. అదే టైముల పత్తి కాటా పెట్టి, వచ్చిన పైసలకు, కట్టాల్సిన అప్పుకు లెక్క కుదరక, "ఈసారి జాతరకు ఏం మొఖం పెట్టుకొని పోవాలె" అని ఇంట్లనే కూసునే రైతులు కూడా ఉంటరు. ఈ పోస్టు వాళ్ల కోసం.

కురుమూర్తి స్వామి కథ మనకు చిన్నప్పటి సంది తెలిసిందే. వెంకటేశ్వరస్వామి పెండ్లికి కుబేరుని దగ్గర అప్పు చేసిండు. కట్టలేక తిరుమల విడిచి ఉత్తరం దిక్కు నడుసుకుంట వచ్చిండంట. నడిచి నడిచి కాళ్లు కందిపోతే కృష్ణమ్మ పాదుకలు ఇచ్చిందంట. అట్ల మన గుట్టల మీద నిలిచిండని పెద్దోళ్లు చెప్తరు. ఈ కథను అందరం వింటం గానీ అందుల ఉన్న మాటను పట్టించుకోం. మనం మొక్కే దేవుడే అప్పులున్నోడు. ఊరు విడిచి వలస వచ్చినోడు. బొంబాయి, పూణె పనులకు పోయొచ్చిన పాలమూరోళ్లకు ఆ నడక సంగతి ఇంకొకరు చెప్పాల్నా?

జాతరల పెద్ద పండుగ ఉద్దాల ఉత్సవం. వడ్డెమాన్ ఊర్ల మాదిగ అన్నలు నిష్ఠతోని తోలు ఉద్దాలు కుడితే, వాటిని ఊరేగించి గుట్టకు తెస్తరు. అవి తలకు తాకాలని జనం ఎగబడతరు. చెప్పులు ఎవరికి కావాలె? నడిచేటోనికి. ఒక్కకాడ కూసునే దేవునికి ఏటా కొత్త చెప్పులతోని పనేంది? మనతోని పొలం గట్ల మీద, బ్యాంకు మెట్ల మీద, మార్కెట్ యార్డుల తిరుగుతున్నడు కాబట్టే అరుగుతున్నయని నేననుకుంట.

"దేవుడు ఉంటే వాన ఎందుకు పడలే, పడ్డది పూత రాలేదాక ఎందుకు పడ్డది?" అని అడుగుతరు. అడగాల్సిన మాటే. దేవుడు తోడున్నడంటే అప్పు మాఫీ అయితదని కాదు. నల్లగొండ దిక్కు చెరువుగట్టు జడల రామలింగేశ్వరుని కాడికి అమావాస్య నాడు వేలమంది పోయి నిద్ర చేస్తరు. తెల్లారేసరికి ఎండిన బోరు పొయ్యదు. అయినా మళ్ల అమావాస్యకు పోతరు. కష్టం అట్లనే ఉంటది, దాన్ని మోసేది నువ్వొక్కనివే కాదన్న ధైర్యం వస్తది. ఆ ధైర్యం ఉన్నోడు తెల్లారి లేచి ఇంకో దారి చూస్తడు.

అందుకే నా మాట ఇది. అప్పు సిగ్గుపడే పాపం కాదు. దేవుడే అప్పు చేసి, వడ్డికాసులవాడు అని పిలిపించుకున్నడు. ఇంట్ల ఆలికి, ఎదిగిన పిల్లలకు అప్పు లెక్క చెప్పుండ్రి. దాస్తే అది లోపల పుండైతది. మొక్కు తీర్చనీకి మాత్రం కొత్త అప్పు చెయ్యకుండ్రి. కొబ్బరికాయ కొట్టినా స్వామికి సరిపోతది, యాటపోతు బాకీ మీద తెచ్చుడు ఎందుకు?

ఇంకొకటి. దేవుడు తోడుంటడని నోటితోని చెప్పుడు అల్కగనే ఉంటది. దేవుడు మనిషి రూపంలనే తలుపు కొడతడు. నలుగురిల కలిసెటోడు నాలుగు దినాల సంది కనవడకపోతే, ఫోన్ ఎత్తకపోతే, "ఏమైందో ఏమో" అని ఊకోకుండ్రి. ఇంటికి పోయి కూసోండ్రి, చాయ్ తాగుండ్రి. అప్పు ఇచ్చినోళ్లు కూడా నలుగురి ముంగట మాట అనకుండ్రి, పైసలు ఆలస్యంగనైనా వస్తయి, పోయిన మనిషి రాడు. మనసు మరీ బరువైతే 14416కు ఫోన్ చెయ్యుండ్రి. అది సర్కారు టెలిమానస్ నెంబరు, పైసలు పడవు, రాత్రి పగలు తెలుగులనే మాట్లాడొచ్చు.

ఈసారి కురుమూర్తికి బండి కట్టేటోళ్లు, జాతరకు రానని ఇంట్ల కూసున్న పక్కింటోన్ని ఒక్క మాట పిలువుండ్రి. "పైసలు లేవు" అంటే, "స్వామికాడ కూడా లేవు, నడువు పోదాం" అనుండ్రి.