అబ్బాజాన్ కారులో దొరికిన బాకీ

తల్లిదండ్రులు వదిలి వెళ్లిన వస్తువులలో కొన్ని బీరువాలో ఇముడుతాయి. కొన్ని మాత్రం ఇంటి వెనుక ఏళ్ల తరబడి మౌనంగా నిలబడి ఉంటాయి. జనగామలోని మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో అబ్బాజాన్ గారి అంబాసిడర్ పదహారేళ్లు అలాగే నిలబడింది.

1990లో కొన్న ఆ కారు నంబరు పలకపై ఉన్న ‘ఏపీ 36’ ఉమ్మడి వరంగల్ జిల్లా గుర్తు. 2016లో జిల్లా విడిపోయింది. అప్పటికే మేమూ విడివిడిగా స్థిరపడ్డాము. మాలో పెద్దవారు జనగామలోనే ఉండిపోయారు. అక్కయ్య మహబూబాబాద్ కోడలైంది. చిన్నవాడికి భూపాలపల్లి సింగరేణి గనిలో ఉద్యోగం. చూపు మందగించి అబ్బాజాన్ 2008లో కారు నడపడం మానేశారు. 2022లో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాక, కారును బాగుచేయించాలని మాకు తోచింది.

అప్పుడు అక్కయ్య ఒక ప్రశ్న వేసింది: “బాగుచేయిస్తాం సరే, ఈ కారు ఎవరిది?”

మేము తడబడ్డాము. తండ్రి వాహనం పెద్దకొడుకుకు చెందుతుందన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన అలవాటు మాత్రమే, ధర్మం కాదు. దివ్యఖుర్ఆన్ ప్రకారం అందులో అమ్మీజాన్‌కు ఎనిమిదో వంతు ఉంది. మిగిలినదానిలో అన్నదమ్ములకు రెండేసి భాగాలైతే అక్కయ్యకు ఒక భాగం. కారుకు వెలకట్టించి, అందరి సమ్మతితో ఉమ్మడిగానే ఉంచుకున్నాము. యజమాని మరణిస్తే ముప్పై రోజులలో రవాణా కార్యాలయానికి తెలిపి, మూడు నెలలలో ఫారం 31తో వారసుల పేరిట మార్పించుకోవాలి. మేము ఆలస్యం చేశాము, జరిమానా చెల్లించాము. పాఠకులు ఆ పొరపాటు చేయవద్దు. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో వచ్చిన ప్రత్యేక రిజిస్ట్రేషన్ మా కారుకు వర్తించదు. పదిహేనేళ్లు దాటిన మామూలు కార్లవలె తనిఖీ చేయించి, ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవలసిందే.

అబ్బాజాన్ మిత్రుడైన మెకానిక్ చాచా ఇప్పుడు లేరు. దుకాణం ఆయన కుమారుడు నడుపుతున్నాడు. మేము వెంటనే తాళం తిప్పబోతే ఆయన వారించాడు. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కొద్దిగా ఆయిల్ పోసి, నాలుగు రోజులు ఆగి, హ్యాండిల్‌తో ఇంజనును మెల్లగా తిప్పి చూశాడు. తిరిగింది! ట్యాంకులోని పాత పెట్రోలు వార్నిష్ వాసన కొడుతోంది. కార్బ్యురేటర్ జెట్లు జిగురుతో మూసుకుపోయాయి. “ముందు బ్రేకులు, తర్వాతే ఇంజను. ఆగలేని బండి కదలకూడదు” అన్నాడాయన. గట్టిపడిన బ్రేకు రబ్బర్లు, పగుళ్లిచ్చిన టైర్లు, ఎలుకలు కొరికిన వైర్లు అన్నీ మార్చాము. 2014లోనే అంబాసిడర్ల తయారీ ఆగిపోవడంతో కొన్ని విడిభాగాలకు నెలల తరబడి ఎదురుచూశాము. డ్రైవరు సీటుపై అబ్బాజాన్ కూర్చున్న గుంటను మాత్రం అలాగే ఉంచమన్నాము.

డ్యాష్‌బోర్డు వెనుక వైర్లు మారుస్తుండగా ఒక చిన్న డైరీ జారిపడింది. అబ్బాజాన్ దస్తూరీ. చివరి పుటలో: “ఇంజను పని 3,500. ఇచ్చినది 2,100. బాకీ 1,400.” కింద మెకానిక్ చాచా పేరు.

ఆయన కుమారుడు నవ్వి, “పోనీయండి అన్నా, వాళ్లిద్దరి లెక్క వాళ్లకే తెలుసు” అన్నాడు. కాని వారసుల వాటాకంటే ముందు తీరవలసినది మృతుని రుణం. వాటాల లెక్కలో మేము మరచిన తొలి మెట్టు అదే. క్షమించే హక్కు కూడా ఆయన ఒక్కడిదే కాదు. ఆయన తల్లిది, తోబుట్టువులది కూడా. ఆ సొమ్ము తీసుకెళ్లి చాచీ చేతిలో పెట్టాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “మీ అబ్బా మరచిపోయి ఉంటారు, ఇవ్వని మనిషి కాదు” అన్నారు చివరికి.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానిని కోరి తయారు చేయించుకున్నారు. అది చేరకముందే 1911లో కన్నుమూశారు. కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వచ్చిన ఆ కారు తిరిగింది బహు తక్కువ. నేడది ప్రదర్శనలో ధగధగలాడుతోంది. మా అంబాసిడర్‌ను అలా అద్దం వెనుక బొమ్మగా ఉంచదలచలేదు.

తండ్రి ప్రేమించినవారితో బంధం నిలుపుకోవడం ఉత్తమ సత్కార్యమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధనను తలచుకునే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) దారిలో కలిసిన తన తండ్రి మిత్రుని కుమారునికి తాను ఎక్కే వాహనాన్నే ఇచ్చివేశారు. మేము అంతటివారం కాము. కారు మొదటిసారి రోడ్డెక్కిన రోజున ముందు సీటులో అమ్మీజాన్‌ను, వెనుక సీటులో చాచీని కూర్చోబెట్టుకుని మహబూబాబాద్‌లోని అక్కయ్య ఇంటికి వెళ్లాము. అంతే చేయగలిగాము.

మీ ఇంటి వెనుక కూడా అటువంటి వాహనం ఏదైనా ఉంటే, రంగు వేయించే ముందు డైరీలు వెతకండి.