సోదాకూ ఓ పద్ధతుంది

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ కొండల నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరు, పార్వతీపురం వైపు దిగే గంజాయి బళ్లను పట్టుకోవాల్సిందే. కానీ పట్టుకోగానే పని అయిపోదు, కేసు కోర్టులో నిలవాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం అందిన సమాచారాన్ని కాగితం మీద పెట్టి, 72 గంటల్లో పై అధికారికి పంపాలి. పొద్దుగూకాక వారెంటు లేకుండా బండి తనిఖీ చేస్తే కారణమూ రాయాలి. నడిరోడ్డు మీద ఆగి ఉన్నా సొంత జీపు బహిరంగ స్థలం కాదని, కాబట్టి 42వ సెక్షన్ పాటించాల్సిందేనని 2021లో ఓ హర్యానా కేసులో సుప్రీంకోర్టు తేల్చి, నిందితులను విడిచిపెట్టింది. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ముందు సోదా కోరే 50వ సెక్షన్ రక్షణ మాత్రం ఒంటి సోదాకే, బండికి వర్తించదు. సరుకు 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు. అంత శిక్ష పడే కేసులో నాలుగు వాక్యాలు రాయడం బరువా? రెండు రాష్ట్రాల పోలీసు అధికారులూ చెక్‌పోస్టు సిబ్బందికి ముందుగా 42వ సెక్షన్ నేర్పించాలి.