మెగావాట్లకు లెక్కుంది, మనుషులకేది?

చెత్తగుట్టలో కుళ్లిన అన్నం, కూరగాయల తొక్కల నుంచి గ్యాసు పుడుతుంది. అందులో సగం దాకా మీథేనే. గుట్టకు మూతేసి, చిల్లుల పైపులు దించి, ఆ గ్యాసు లాగి ఇంజన్ తిప్పితే కరెంటు. మంచిదే, మేం కాదనం. వదిలేస్తే అంటుకునేదీ అదే, ఆ పొగ పీల్చేదీ పక్క బస్తీలోని మనోళ్లే.

హైదరాబాదు జవహర్‌నగర్ గుట్టకు మూతేశారు. 2020లో అక్కడే చెత్తను కాల్చి కరెంటు తీసే 19.8 మెగావాట్ల ప్లాంటూ ప్రారంభించారు. సరే. గుట్టకు మూతపడితే చెత్త ఏరుకునే ఆడోళ్ల కూడు సంగతేంది? వాళ్లను గుర్తించి పనిలో కలుపుకోవాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి గదా! మెగావాట్లు లెక్కగట్టిన సార్లకు ఆ చేతులు లెక్కలోకి రావా?

ఎక్కడ గ్యాసు తీసినా, కంచె వేయకముందే ఏరేవాళ్ల జాబితా రాయాలి. కరెంటు ఆదాయంలో వాటా రాసివ్వాలి. ఇంజన్ పని మన పిల్లలకు నేర్పి జీతానికి పెట్టుకోవాలి. మళ్లీ చీపురే చేతికిస్తామంటే ఒప్పుకోం.