350 సీసీ దాటితే 40 శాతం పన్ను.. మీటియరా? హిమాలయనా? జల్‌పల్లి రైడర్లకు ఏది కరెక్ట్?

లాంగ్ టూర్ల కోసం కొత్త బైక్ తీసుకోవాలనుకునే వాళ్లు ఇప్పుడు చూసుకోవాల్సింది ఇంజిన్ పవర్ ఒక్కటే కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ రేట్లు 350 సీసీ దగ్గర ఓ గీత గీశాయి. ఆ గీతకు ఇటు మీటియర్ 350, అటు హిమాలయన్ 450. రెండూ రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లే. కానీ పన్ను లెక్కలో చాలా తేడా ఉంది. ఆ తేడా జేబు మీద ఎంత పడుతుంది? దానికి తగ్గ ప్రయోజనం ఉందా? ఇప్పుడు చూద్దాం.

పన్ను లెక్క ఇదీ..

గతంలో 350 సీసీ వరకు బైక్‌లపై 28 శాతం జీఎస్టీ ఉండేది. అంతకు మించితే సెస్‌తో కలిపి 31 శాతం. అంటే తేడా 3 శాతమే. 2025 సెప్టెంబర్ 3న జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశంలో లెక్క మారిపోయింది. 350 సీసీ వరకు 18 శాతానికి తగ్గింది, ఆ పైన 40 శాతానికి పెరిగింది. తేడా ఏకంగా 22 శాతం.

కొత్త రేట్లు వచ్చినప్పుడు మీటియర్ బేస్ మోడల్ ఎక్స్-షోరూమ్ ధర సుమారు 1.96 లక్షలు. హిమాలయన్ 450 సుమారు 3.06 లక్షలు. అంటే 1.10 లక్షల తేడా. పన్ను తీసేసి చూస్తే మాత్రం మీటియర్ 1.66 లక్షలు, హిమాలయన్ 2.19 లక్షల దగ్గర ఉంటాయి. అసలు బండ్ల మధ్య తేడా 53 వేలే! మిగతా 57 వేలు పన్ను వల్ల వచ్చిందే. పాత 31 శాతమే ఉండి ఉంటే హిమాలయన్ దాదాపు 20 వేలు తక్కువకు వచ్చేది.

ఇక్కడ ఇంకో విచిత్రం ఉంది. ఇదే మార్పులో పెద్ద ఎస్‌యూవీలపై పన్ను 50 శాతం నుంచి 40 శాతానికి దిగింది. 452 సీసీ బైక్‌పై మాత్రం 31 నుంచి 40కి ఎక్కింది. టూవీలర్లన్నింటికీ ఒకే 18 శాతం పెట్టాలని ఐషర్ మోటార్స్‌కు చెందిన సిద్ధార్థ లాల్ ముందే కోరినా ఫలితం లేకపోయింది.

షోరూమ్ ధరతో అయిపోదు

కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అక్కడా 350 సీసీ గీతే. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ వరకు 7,365 రూపాయలు, ఆ పైన 15,117 రూపాయలు. జీఎస్టీ అదనం. లైఫ్ ట్యాక్స్ కూడా బండి ధరలో శాతంగానే కట్టాలి. ధర పెరిగితే అదీ పెరుగుతుంది. ఎక్స్-షోరూమ్ తేడా 1.10 లక్షలను 11 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్‌గా తీసుకున్నా నెలకు దాదాపు 3,600 రూపాయలు ఎక్స్‌ట్రా ఈఎంఐ.

మరి రోడ్డు మీద?

జల్‌పల్లి, పహాడీషరీఫ్ వైపు ఉండేవాళ్లకు శ్రీశైలం హైవే ఇంటి పక్కనే. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్, డిండి, మన్ననూర్ మీదుగా శ్రీశైలం దాదాపు 200 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర్లోనే ఉన్నా మెయిన్ రోడ్డుపైకి టూవీలర్లను రానివ్వరు. సర్వీస్ రోడ్డే దిక్కు. మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. కాబట్టి ఈ ట్రిప్ పగలే ప్లాన్ చేసుకోవాలి.

మీటియర్ పవర్ 20 హెచ్‌పీ, హిమాలయన్‌ది దాదాపు 40. అంటే డబుల్. కానీ నాలుగు లేన్ల హైవేలపై కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి బైక్‌లకు గంటకు 80 కిలోమీటర్లే. ఆ స్పీడ్‌ను మీటియర్ హాయిగా అందుకుంటుంది. వెనక మనిషి, లగేజీతో ఘాట్ ఎక్కేటప్పుడు, లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడే హిమాలయన్ సత్తా తెలుస్తుంది. గుంతల రోడ్డులోనూ దానిదే పైచేయి. గ్రౌండ్ క్లియరెన్స్ 230 మిల్లీమీటర్లు, మీటియర్‌కు 170.

సీటు ఎత్తు విషయంలో సీన్ రివర్స్. మీటియర్ 765 మిల్లీమీటర్లు, హిమాలయన్ 825. చాంద్రాయణగుట్ట ట్రాఫిక్‌లో రోజూ కాలు కింద పెట్టాల్సిన వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. బరువులో తేడా ఐదు కిలోలే. 191, 196 కిలోలు.

టైర్ల సంగతి చాలామంది మర్చిపోతారు. మీటియర్ బేస్ మోడల్‌కు అల్లాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్ టైర్లు. హిమాలయన్‌కు ట్యూబ్‌లెస్ స్పోక్ వీల్స్ కావాలంటే అదనంగా డబ్బు పెట్టాలి. అడవి దారిలో పంక్చర్ పడితే ఆ తేడా ఏంటో అర్థమవుతుంది.

పెట్రోల్ ట్యాంక్ మీటియర్‌కు 15 లీటర్లు, హిమాలయన్‌కు 17. లీటర్‌కు 33, 28 కిలోమీటర్లు చొప్పున వేసుకున్నా ఫుల్ ట్యాంక్‌తో రెండూ శ్రీశైలం వెళ్లి వచ్చేస్తాయి.

ఫైనల్‌గా ఏది తీసుకోవాలి?

రోజూ సిటీలో తిరుగుతూ ఏడాదికి మూడు నాలుగు ట్రిప్పులు వేసేవాళ్లకు మీటియర్ చాలు. మిగిలిన లక్షలో మంచి హెల్మెట్, రైడింగ్ జాకెట్, గ్లోవ్స్ కొనుక్కున్నా ఇంకా చాలా డబ్బు చేతిలో ఉంటుంది. లడఖ్, స్పితి లాంటి చోట్లకు వెళ్లాలని గట్టిగా ఫిక్సయినవాళ్లకు, నెలనెలా మట్టి రోడ్లెక్కేవాళ్లకు హిమాలయన్‌పై పెట్టే అదనపు ఖర్చుకు అర్థం ఉంది. అదే ఇన్‌స్టా రీల్స్ చూసి కొంటే మాత్రం 40 శాతం పన్ను కట్టి ట్రాఫిక్‌లో నిలబడటమే.

మధ్యేమార్గం సెకండ్ హ్యాండ్. హిమాలయన్ 450 వచ్చింది 2023 నవంబర్‌లో. కాబట్టి రెండేళ్లు వాడిన బండ్లు మార్కెట్లో ఉన్నాయి. నేరుగా ఓనర్ దగ్గర కొంటే జీఎస్టీ ఉండదు. లోన్ క్లియర్ అయినట్టు బ్యాంక్ ఎన్‌ఓసీ, ఆర్‌సీ ట్రాన్స్‌ఫర్, మిగిలిన ఇన్సూరెన్స్ గడువు చూసుకున్నాకే డబ్బు చేతిలో పెట్టాలి.

కొత్తదైనా పాతదైనా టెస్ట్ రైడ్ ఒక్కరే చేయొద్దు. టూర్‌లో వెనక కూర్చునే వాళ్లనూ ఎక్కించుకుని చూడాలి. అడ్వాన్స్ కట్టే ముందు ఎక్స్-షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ విడివిడిగా రాసిన ఆన్‌రోడ్ కొటేషన్ షోరూమ్ నుంచి తీసుకోవడం మర్చిపోవద్దు.